అడవి కొట్టింది వాళ్లు, పట్టా దొరలది: ఆస్ట్రేలియా సేద్యంలో చైనా వలస కూలీలు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియా సేద్యం కథ చెప్పమంటే ఎవరైనా గుర్రం మీద తిరిగే గొర్రెల ఆసాములతో, ఇంగ్లండు నుంచి వచ్చి మట్టిలో కష్టపడిన తెల్ల కుటుంబాలతో మొదలుపెడతారు. ఆ కథ అబద్ధం కాదు, కానీ సగమే. చెట్లు నరికి పొలం చేసిన చేతుల్లో, ఊళ్లకు కూరగాయలు పండించిన చేతుల్లో చాలా భాగం దక్షిణ చైనా నుంచి వచ్చిన మగవాళ్లవి. వాళ్ల గురించి పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

చైనా వాళ్లు ఆస్ట్రేలియాకు బంగారం కోసం వెళ్లారు కదా, సేద్యంతో వాళ్లకు ఏమి సంబంధం?

బంగారం కంటే ముందే వెళ్లారు, అదీ పశువుల పనికి. బ్రిటన్ నుంచి న్యూ సౌత్ వేల్స్‌కు ఖైదీలను పంపడం 1840లో ఆగింది. అప్పటిదాకా గొర్రెల మందలను ఆ ఖైదీలే కాచేవారు. కంచెలు లేని కాలం అది. మందకు మనిషి తోడు ఉండాల్సిందే. కాపరులు దొరకక భూస్వాములు చైనా వైపు చూశారు. 1848 అక్టోబరులో నిమ్రోడ్ అనే ఓడ దక్షిణ చైనాలోని అమోయ్ రేవు నుంచి 120 మందితో సిడ్నీ చేరింది. 1853 వరకు అలా సుమారు 3,000 మంది వచ్చారు. అయిదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేసి వచ్చినవాళ్లే ఎక్కువ.

పని మాత్రం ఒంటరితనానికి మారుపేరు. రోజుల తరబడి మరో మనిషి ముఖం కనిపించని గడ్డి మైదానంలో ఒక గుడిసె, ఒక మంద. భాష రాదు. మందలో గొర్రె తప్పిపోతే జీతంలో కోత, పని వదిలి వెళితే యజమాని-సేవకుల చట్టం కింద జైలు. కోర్టు రికార్డుల్లో ఈ మనుషులు కనిపించేది ఎక్కువగా ముద్దాయిలుగానే. అమోయ్‌లో కూలీల దళారుల మీద జనం తిరగబడి 1852 నవంబరులో అల్లర్లు చేశాక ఆ దారి దాదాపు మూసుకుపోయింది.

మరి బంగారం కోసం వచ్చినవాళ్లు?

1851 తర్వాత వచ్చినవాళ్ల సంఖ్య వేరే స్థాయిలో ఉంటుంది. వీళ్లు అమోయ్ వాళ్లు కాదు, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పెర్ల్ నది డెల్టా చుట్టుపక్కల జిల్లాల వాళ్లు. యుద్ధాలు, వరదలు, కులకక్షల లాంటి స్థానిక పోరాటాలతో కుదేలైన ప్రాంతం అది. ఓడ ఖర్చుకు అప్పు చేసి వచ్చి సంపాదనలోంచి తీర్చేవారు. 1861 నాటికి ఆస్ట్రేలియా వలస రాజ్యాలలో చైనాలో పుట్టినవాళ్లు 38,000 పైచిలుకు.

వీళ్లను ఆపడానికి విక్టోరియా ప్రభుత్వం 1855లో చట్టం తెచ్చింది. దిగే ప్రతి చైనా మనిషి మీద 10 పౌండ్ల తలపన్ను, ఓడ బరువులో ప్రతి 10 టన్నులకు ఒక్క చైనా ప్రయాణికుడు. దాంతో ఓడలు పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియాలో రోబ్ అనే చిన్న రేవుకు వెళ్లి వాళ్లను దించాయి. అక్కడి నుంచి సామాను కావళ్లు భుజాన వేసుకుని, వందల కిలోమీటర్లు నడిచి బల్లారట్, బెండిగో గనులకు చేరారు. 1857లో ఒక బృందం దారిలో నీళ్ల కోసం ఆగినచోట బంగారం దొరికింది. అరారట్ పట్టణం అలా వెలిసింది.

గనుల్లో దాడులు జరిగాయి. న్యూ సౌత్ వేల్స్‌లోని లాంబింగ్ ఫ్లాట్‌లో 1861 జూన్ 30న వేలమంది తెల్ల గనివాళ్లు చైనా శిబిరాల మీద పడి కొట్టి, దోచి, తగలబెట్టారు. పై పొరల్లో బంగారం అడుగంటేసరికి గనులే పలచబడ్డాయి. ఇంటికి వెళ్లలేనివాళ్లు, వెళ్లదలుచుకోనివాళ్లు చేతిలో ఉన్న పాత విద్యకు తిరిగి వచ్చారు. ఆ విద్య సేద్యం. డెల్టా రైతుబిడ్డలకు మట్టి, నీరు, ఎరువు కొత్త కావు.

అసలు వాళ్లు ఏ పనులు చేశారు?

పొలం అయ్యే ముందు చేయాల్సిన పనులన్నీ. వాటిలో పెద్దది చెట్లను చంపడం. న్యూ సౌత్ వేల్స్ దక్షిణాన రివరీనా అనే విశాలమైన మైదానం ఉంది. నారండెరా, హే, డెనిలిక్విన్, వాగా వాగా లాంటి ఊళ్లు అక్కడివే. 1870లు, 80లలో అక్కడి గొర్రెల ఎస్టేట్లకు గడ్డి కావాలి. యూకలిప్టస్ చెట్లు ఉన్నచోట గడ్డి పలచగా పెరుగుతుంది. ఒక్కో చెట్టునూ నరికి కూల్చడం ఖరీదు. అందుకని మొదలు చుట్టూ గొడ్డలితో ఉంగరంలా బెరడు తీసేసేవారు. చెట్టు నిలబడే ఎండిపోతుంది, ఆకు రాలుతుంది, కింద గడ్డి మొలుస్తుంది. కొన్నాళ్లకు మొదలు నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి, మళ్లీ వెళ్లి వాటిని కొట్టాలి. లేకపోతే చేసిందంతా వృథా.

ఈ పనిని చైనా మేస్త్రీలు గుత్తకు తీసుకునేవారు. ఎకరానికి ఇంత అని ఎస్టేటు దొరతో మాట్లాడుకుని, ముఠాను కూడగట్టి, బియ్యం, నూనె, గొడ్డళ్లు తానే సమకూర్చి, పని అయ్యాక లెక్కలు చూసుకునేవాడు మేస్త్రీ. బర్మాకు, మలయాకు వెళ్లిన తెలుగు కూలీల కథ తెలిసినవాళ్లకు ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. అప్పు ఇచ్చేదీ అతడే, పని చూపేదీ అతడే, జీతంలోంచి కోసుకునేదీ అతడే.

చెట్లు ఎండబెట్టడంతో పాటు ముళ్లపొదలు కొట్టడం, కంచెలు వేయడం, చెరువులు తవ్వడం, గొర్రెలను కడగడం, ఎస్టేట్లలో వంట చేయడం. న్యూ సౌత్ వేల్స్‌లోని టుముట్ ప్రాంతంలో, విక్టోరియాలోని ఓవెన్స్ లోయలో పొగాకు. ఈ చివరిదాన్ని కౌలుకు చేశారు.

కూరగాయల తోటల గురించి అంతగా ఎందుకు చెబుతారు?

తెల్ల వలసదారుల తిండి ఏమిటో గుర్తుచేసుకుంటే జవాబు అదే దొరుకుతుంది. లోపలి ప్రాంతాల ఎస్టేట్లలో పూటపూటకూ గొర్రె మాంసం, నిప్పుల్లో కాల్చిన పిండి రొట్టె, టీ. పచ్చటి ఆకు అన్నది కంటికి కనపడదు. చర్మం పగిలి పుండ్లు పడే జబ్బుకు అక్కడివాళ్లు క్వీన్స్‌లాండ్‌లోని నది పేరు మీద ‘బార్కూ రాట్’ అని పేరు పెట్టుకునేంతగా ఆ లోటు ఉండేది. అలాంటి చోట ఎస్టేటు ఇంటి వెనక వాగు పక్కన ఒక చైనా తోటమాలి రెండు మూడు ఎకరాల్లో క్యాబేజీ, ఉల్లి, బంగాళాదుంప, ఆకుకూరలు పండించి పెట్టాడంటే, అతడు చేసింది వైద్యమే.

ఊళ్ల దగ్గర తోటలు మరోలా నడిచేవి. ఒకే జిల్లా నుంచి, తరచుగా ఒకే ఊరి నుంచి వచ్చిన కొందరు కలిసి డబ్బు వేసుకుని, ఎవరికీ పట్టని లోతట్టు నేలను కౌలుకు తీసుకునేవారు. మురుగు నేలను కాలువలు తీసి ఆరబెట్టి, ఎత్తు మడులు కట్టి, గుర్రపు పేడ, పట్టణాల మలం ఎరువుగా వేసేవారు. కావడికి రెండు వైపులా రెండు నీళ్ల డబ్బాలు, ఒక్క నడకలో రెండు మడులకు తడి. తెల్లవారక ముందే కోత కోసి, ఒకరు గుర్రపు బండి మీద ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. లాభంలో వాటాలు ఉండేవి. ఒకరు స్వదేశానికి వెళ్లాలనుకుంటే తన వాటాను ఊరివాడికి అమ్మి వెళ్లేవాడు, తోట మాత్రం ఆగేది కాదు. ఈ ఒక్క ఏర్పాటే తోటలను దశాబ్దాలు నిలబెట్టిందని నా అభిప్రాయం. అదే కాలంలో ఒంటరి తెల్ల రైతు జబ్బు పడితే పొలం బీడుపడేది.

కరువు సంవత్సరాల్లో ఇది మరీ తెలిసివచ్చేది. చేత్తో మోసి పోసిన నీటితో ఎండాకాలంలో ఆకుకూర బతికించడం అక్కడ మరెవరూ తలపెట్టని పని.

ఉత్తరాన, ఉష్ణమండలంలో ఏం జరిగింది?

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే భాగం ఇదే.

1873లో క్వీన్స్‌లాండ్ ఉత్తర కొసన పామర్ నదిలో బంగారం పడింది. కొన్నేళ్లలోనే అక్కడ తెల్లవాళ్ల కంటే చైనావాళ్లు ఎక్కువయ్యారు. ఆ బంగారమూ తగ్గాక వాళ్లు తీరం వెంట దక్షిణానికి, 1876లో పుట్టిన కెయిన్స్ పట్టణానికి, జాన్‌స్టన్ నది ఒడ్డుకు దిగారు. కెయిన్స్ పక్కన ఆండ్రూ లియోన్ అనే వ్యాపారి నాయకత్వంలో చైనావాళ్లు డబ్బు పోగుచేసి హాప్ వా అనే చెరకు తోటను పెట్టారు. 1880ల తొలినాళ్లలో ఆ ప్రాంతంలో మొదటి చక్కెర మిల్లు వాళ్లదే. కెయిన్స్ చక్కెర పరిశ్రమ పుట్టుక గురించి మాట్లాడేటప్పుడు ఈ పేరు మొదటి వరసలో ఉండాలి. ఆ తోట కొన్నేళ్లకే చేతులు మారింది.

తర్వాత అరటి. నది ఒడ్డున ఒండ్రు నేలలోని అడవిని కొట్టి, కాల్చి, అరటి పిలకలు నాటారు. గెలలను పడవల్లో రేవుకు, అక్కడి నుంచి ఆవిరి ఓడల్లో సిడ్నీ, మెల్‌బోర్న్‌లకు. కొన్నేళ్లకు నేల సారం తగ్గేది. అప్పుడు భూమి యజమాని దాన్ని వెనక్కి తీసుకుని చెరకు వేసుకునేవాడు. మోడులు లేని, దుక్కికి సిద్ధమైన పొలం అతడికి పైసా ఖర్చు లేకుండా వచ్చింది, పైగా అన్నేళ్ల కౌలు చేతికందింది.

కొండ మీద ఆథర్టన్ పీఠభూమిలో మొక్కజొన్న. అక్కడ ఎర్రమట్టి మీద దట్టమైన వానల అడవి. చైనా కౌలు రైతులు మాను మాను పడగొట్టి, ఎండాక నిప్పు పెట్టి, నల్లబడిన మోడుల మధ్య గుంతలు తీసి విత్తనం వేశారు. నాగలి తిరిగే చోటు కాదు అది. గింజను గుర్రాల మీద, బండ్ల మీద గని ఊళ్లకు అమ్మారు. ఆథర్టన్ పక్కన వాళ్ల వీధి ఒక చిన్న పట్టణమైంది. 1903లో చెక్క పలకలతో, రేకులతో హౌ వాంగ్ దేవుడికి గుడి కట్టుకున్నారు. ఆ గుడి ఇప్పటికీ ఉంది.

వాళ్లు భూమి ఎందుకు కొనుక్కోలేదు?

చట్టం కొననివ్వలేదు. పౌరసత్వం లేని ఆసియావాళ్లకు ప్రభుత్వ భూమి పట్టా రాదు. పౌరసత్వమేమో క్రమంగా అందకుండా చేశారు. న్యూ సౌత్ వేల్స్ 1888 నుంచి చైనావాళ్లకు పౌరసత్వం ఇవ్వడమే మానేసింది.

ఇంకో మెలిక ఉంది. ప్రభుత్వం దగ్గర భూమి తీసుకున్న తెల్ల ఆసామి ఫలానా గడువులోగా దాన్ని బాగుచేసినట్టు చూపిస్తేనే పూర్తి హక్కు దక్కుతుంది. బాగుచేయడం అంటే అడవి కొట్టడం, కంచె వేయడం, సాగు చేయడం. ఆ షరతును నెరవేర్చింది చైనా కౌలుదారు, హక్కు పత్రం మీద పేరు ఆసామిది. ఆంధ్రలో, తెలంగాణలో కౌలు రైతు పంట పండిస్తే నష్టపరిహారం, బ్యాంకు అప్పు భూయజమాని పేరున నడిచే తీరు చూసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

కౌలుకైనా నిశ్చింతగా చేసుకోనిచ్చారా?

లేదు. ఒక్కొక్క తలుపే మూశారు. 1901లో ఆస్ట్రేలియా ఒక దేశమైన వెంటనే వలస నియంత్రణ చట్టం వచ్చింది. వచ్చినవాడికి ఏదో ఒక యూరోపియన్ భాషలో 50 మాటలు చదివి వినిపిస్తారు, తప్పు లేకుండా రాయాలి. దీన్నే శ్రుతలేఖనం అంటారు. భాషను ఎంచుకునేది అధికారి కాబట్టి ఎవరినైనా తప్పించవచ్చు. ఆ పరీక్ష 1958 దాకా చట్టంలో ఉంది.

అదే పరీక్షను క్వీన్స్‌లాండ్ పొలం గట్టు మీదికి తెచ్చింది. 1912 చట్టం ప్రకారం పరాయి దేశస్థుడు 5 ఎకరాలకు మించి కౌలుకు తీసుకోవాలంటే శ్రుతలేఖనంలో నెగ్గాలి. 1913లో చెరకు సాగుకు, 1921లో అరటి సాగుకు అదే షరతు. అరటి తోట పెట్టడానికి శ్రుతలేఖనం ఎందుకని అడిగేవాడు లేడు. ఆథర్టన్‌లో మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సైనికులకు భూములు పంచేందుకు చైనా రైతుల కౌళ్లు పోయాయి. ఇరవై ముప్ఫై ఏళ్లు అడవి కొట్టినవాళ్లు సామాను సర్దుకున్నారు. వీధి ఖాళీ అయింది.

తక్కువ కూలికి పనిచేసి తెల్ల కార్మికుల పొట్ట కొట్టారన్న ఆరోపణలో నిజం ఎంత?

కొన్ని పనుల్లో తక్కువ రేటుకు గుత్త పట్టిన మాట నిజం. రేటు తక్కువయింది వాళ్ల ఇష్టం వల్ల కాదు. ఓడ అప్పు నెత్తిన ఉంది, వేరే పనుల తలుపులు మూసి ఉన్నాయి, యూనియన్లు రానివ్వవు. గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్ల సంఘం, దాని తర్వాత వచ్చిన ఆస్ట్రేలియన్ వర్కర్స్ యూనియన్ చైనావాళ్లకు సభ్యత్వం ఇవ్వలేదు. సంఘంలో చేర్చుకోకుండా, సంఘం రేటు పాటించలేదని నిందించడం న్యాయం కాదు. కౌలు, వాటాల పద్ధతిలో పనిచేసిన తోటమాలి అయితే ఎవరి దగ్గరా కూలీయే కాదు.

నల్లమందు, జూదం సంగతి?

రెండూ ఉన్నాయి. రివరీనా శిబిరాలను పరిశీలించడానికి 1883లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం పోలీసు అధికారి మార్టిన్ బ్రెనన్‌తో పాటు సిడ్నీ టీ వ్యాపారి క్వాంగ్ టార్ట్‌ను పంపింది. వాళ్ల నివేదిక నల్లమందు తీవ్రతను దాచలేదు. క్వాంగ్ టార్ట్ ఆ తర్వాత నల్లమందు దిగుమతిని నిషేధించాలని పోరాడాడు. ఒక సంగతి మరచిపోకూడదు. ఆ రోజుల్లో నల్లమందు సుంకం కట్టి చట్టబద్ధంగా దిగేది, ఆ ఆదాయం ఖజానాకు చేరేది.

ఆ భూములు అసలు ఎవరివి?

ఆదివాసులవి. ఆథర్టన్ వానల అడవుల్లో, రివరీనా నదుల వెంట వేల ఏళ్లుగా ఉన్న జాతులను తుపాకులతో, రోగాలతో తరిమి ఖాళీ చేశాక అక్కడ ఈ సేద్యం మొదలైంది. చైనా కూలీల శ్రమను గుర్తించమనేవాళ్లు ఈ మాట దాటవేయకూడదు. వాళ్లు ఆక్రమణకు నాయకులు కారు, కానీ వాళ్ల గొడ్డలి పడింది ఆదివాసుల అడవి మీదే. ఈ ఇద్దరి మధ్య పని సంబంధాలు, పెళ్లిళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. ఆ కలయికను ప్రభుత్వం సహించలేదు. క్వీన్స్‌లాండ్ 1897 చట్టం పేరులోనే ‘ఆదివాసుల రక్షణ’తో పాటు ‘నల్లమందు అమ్మకం మీద ఆంక్ష’ను జోడించింది. ఆ చట్టం కింద ఆదివాసులను వాళ్ల నేలల నుంచి ఎత్తి రిజర్వులకు తరలించారు.

ఈ అరటి, కూరగాయల డబ్బు ఎక్కడికి వెళ్లింది?

ఎక్కువ భాగం ఊరికి. ఇల్లు, పొలం, తమ్ముడి పెళ్లి, ఊరి బడి. కొంత మాత్రం ఆశ్చర్యపరిచే చోట తేలింది. సిడ్నీలో అరటి టోకు వ్యాపారం చేసిన జోంగ్‌షాన్ జిల్లా మనుషుల్లో మా యింగ్ పియావ్ 1900లో హాంగ్‌కాంగ్‌లో సిన్సియర్ డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచాడు. గువో సోదరులు 1907లో వింగ్ ఆన్ తెరిచారు. తర్వాత ఈ రెండూ షాంఘై నాన్‌జింగ్ రోడ్డులో వెలిగాయి. ధర అంటించి అమ్మే పెద్ద దుకాణాల పద్ధతిని చైనాకు తెచ్చిన మూలధనంలో క్వీన్స్‌లాండ్ నది ఒడ్డు అరటి గెలలున్నాయి.

తెలుగువాళ్లకు ఈ కథతో సంబంధం ఉందా?

పక్క దీవుల మీదుగా ఉంది. క్వీన్స్‌లాండ్‌లో మిల్లులు నడిపిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీయే ఫిజీలోనూ చెరకు సామ్రాజ్యాన్ని నడిపింది. అక్కడికి 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి తమిళ, తెలుగు కూలీలు అయిదేళ్ల గిర్మిట్ (కూలీ ఒప్పందం) మీద వెళ్లారు. ఆస్ట్రేలియాలో ఆసియా శ్రమను చట్టంతో తోసేస్తున్న సంవత్సరాల్లోనే, అదే ఆస్ట్రేలియా కంపెనీ ఫిజీలో మన కూలీలతో చెరకు కొట్టించుకుంది. ఫిజీ అరటి సిడ్నీ మార్కెట్లో క్వీన్స్‌లాండ్ అరటితో పోటీపడింది కూడా.

న్యూజిలాండ్‌లో కూడా ఇలాంటి కథ ఉందా?

ఒక మనిషి గురించైనా చెప్పాలి. తారనాకి ప్రాంతంలో అడవి నరుకుతున్న పేద వలసదారులకు పాడి ఆదాయం వచ్చేదాకా చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు. కుళ్లిన మానుల మీద మొలిచే చెవి ఆకారపు పుట్టగొడుగు చైనాలో వంటకు, మందుకు వాడతారని గుర్తించిన చ్యూ చోంగ్ అనే వ్యాపారి దాన్ని వాళ్ల దగ్గర నగదుకు కొని ఎగుమతి చేశాడు. ఆ డబ్బే ఎన్నో కుటుంబాలను నేల మీద నిలబెట్టింది. 1887లో ఎల్తమ్‌లో వెన్న కర్మాగారం పెట్టాడు, ఎగుమతి వెన్నకు ప్రదర్శనలో బహుమతి గెలిచాడు. సహకార సంఘాలు రావడంతో ఆ వ్యాపారం దెబ్బతింది. న్యూజిలాండ్ పాడి పరిశ్రమ గొప్పతనాన్ని చాటేటప్పుడు అతడి పేరు ఎత్తనివాళ్లు ఇప్పటికీ ఎక్కువే. ఆ దేశమూ 1881లో చైనావాళ్ల మీద తలపన్ను వేసింది, 2002లో క్షమాపణ చెప్పింది.

ఆస్ట్రేలియా క్షమాపణ చెప్పిందా?

విక్టోరియా రాష్ట్రం 2017లో తన 1855 చట్టానికి చెప్పింది. భూమి, కౌలు చట్టాల విషయంలో ఆ స్థాయి మాట రావలసే ఉంది.

ఇంతమంది చరిత్రలో ఎందుకు కనిపించరు?

గ్రామ చరిత్రలు భూమి రిజిస్టర్ల నుంచి రాస్తారు. రిజిస్టర్‌లో కౌలుదారు ఉండడు. జీతాల పుస్తకంలో మేస్త్రీ పేరు ఉంటుంది, ముఠా ఉండదు. గుమాస్తాలు పేరుకు ముందు ‘ఆ’ (Ah) తగిలించి తోచినట్టు రాసిన పేర్లతో ఒక మనిషిని నాలుగు కాగితాల్లో గుర్తుపట్టడం కష్టం. చాలామంది పెళ్లాం పిల్లలు చైనాలో ఉన్నారు కాబట్టి ఆస్ట్రేలియాలో కథ చెప్పే మనవళ్లూ లేరు. చనిపోయినవాళ్ల ఎముకలను తవ్వి సొంత ఊరికి పంపే ఆచారం వల్ల శ్మశానాల్లో సమాధులు కూడా తక్కువ మిగిలాయి.

చూడాలనుకునేవాళ్లు, వెతకాలనుకునేవాళ్లు ఎక్కడికి వెళ్లాలి?

సిడ్నీలో లా పెరూజ్, ఆర్న్‌క్లిఫ్, కైమా అనే మూడు చోట్ల పాత చైనా కూరగాయల తోటలు వారసత్వ జాబితాలో ఉన్నాయి. ఆథర్టన్‌లో హౌ వాంగ్ గుడి, బెండిగోలో గోల్డెన్ డ్రాగన్ మ్యూజియం, అరారట్‌లో గమ్ సాన్ కేంద్రం ఉన్నాయి. కుటుంబాల కోసం వెతికేవాళ్లకు ఆస్ట్రేలియా నేషనల్ ఆర్కైవ్స్ ముఖ్యం. ఊరికి వెళ్లి తిరిగి రాదలచిన ప్రతి చైనా నివాసీ శ్రుతలేఖనం నుంచి మినహాయింపు పత్రం తీసుకోవాల్సి వచ్చేది. ఆ పత్రాల మీద ఎదురుగా, పక్క నుంచి తీసిన ఫొటోలు, అరచేతి ముద్రలు, ఊరు, వృత్తి ఉంటాయి. వృత్తి అన్నచోట తోటమాలి అని రాసినవి కుప్పలుగా దొరుకుతాయి. వాటిలో చాలా పత్రాలను ఇప్పుడు ఆన్‌లైన్లో ఉచితంగా చూడవచ్చు. పేరుతో వెతికి దొరకకపోతే ఓడ పేరుతో, రేవుతో, సంవత్సరంతో వెతకండి.